క్లాస్ పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా: పీహెచ్‌పీలో పేర్ల తేడాలు సరిచేసుకోవడం ఎలా

పదో తరగతి మెమోలో ఒక స్పెల్లింగ్, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగ్. మన ఇళ్లలో ఈ బాధ పడనివాళ్లు తక్కువే. షేక్ అన్న ఒక్క మాటనే ఇంగ్లిష్‌లో కొందరు కె దగ్గర ఆపేస్తారు, కొందరు చివర హెచ్ కలుపుతారు, ఇంకొందరు ఎస్‌కె అని రెండక్షరాల్లో తేల్చేస్తారు. మనుషులకు మూడూ ఒకటే, రికార్డులకు మాత్రం మూడూ వేరు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే మన పిల్లలకు ఇదే చిక్కు క్లాస్ పేర్ల దగ్గర ఎదురవుతుంది. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద చక్కగా నడిచిన ప్రాజెక్టు, కాలేజీలో డెమో రోజున సర్వర్ మీద పెట్టగానే పడిపోతుంది. కారణం చూస్తే ఒక్క అక్షరం.

ఈ వ్యాసం పీహెచ్‌పీ భాష గురించి. షాపులు, స్కూళ్లు, మసీదు కమిటీలు చేయించుకునే చిన్న వెబ్‌సైట్లలో చాలావరకు దీనిమీదే నడుస్తాయి. వర్డ్‌ప్రెస్, లారావెల్ రెండూ పీహెచ్‌పీలో రాసినవే. బీటెక్, బీసీఏ పిల్లలు చేతిఖర్చుల కోసం మొదట పట్టుకునే పని కూడా ఇదే. పైగా పేర్ల విషయంలో పీహెచ్‌పీకి ఒక వింత స్వభావం ఉంది. సగం చోట్ల చూసీ చూడనట్టు పోతుంది, సగం చోట్ల అస్సలు ఊరుకోదు.

రెండు చట్టాల మధ్య ఇరుక్కున్న పేరు

క్లాస్ అంటే ఒక పనికి కావలసిన సమాచారాన్ని, ఆ పని చేసే పద్ధతిని కలిపి కట్టిపెట్టిన అచ్చు. ఇద్దరు కుర్రాళ్లు కలిసి మసీదుకు వెబ్‌సైట్ చేస్తున్నారనుకోండి. ఫజ్ర్ నుంచి ఇషా వరకు వేళలు చూపించే కోడ్‌ను ఒక క్లాస్‌లో పెట్టి దానికి నమాజ్‌టైమ్ అని పేరు పెట్టారు. ఎన్ క్యాపిటల్, టి క్యాపిటల్, మిగతావన్నీ స్మాల్ అక్షరాలు. కానీ ఆ క్లాస్ ఉన్న ఫైల్‌ను సేవ్ చేసేటప్పుడు మొత్తం స్మాల్ అక్షరాల్లో కొట్టారు.

విండోస్ మీద ఇది నడుస్తుంది. హోస్టింగ్‌కి ఎక్కించగానే ఆ క్లాస్ దొరకలేదని ఫేటల్ ఎర్రర్ వస్తుంది. రంజాన్ మొదటి రోజు సాయంత్రం జనం ఇఫ్తార్ వేళ కోసం పేజీ తెరిస్తే కనిపించేది అదే ఎర్రర్, లేదా ఖాళీ తెల్ల పేజీ. వెబ్‌సైట్ చేసిన పిల్లాడు "నా దగ్గర బాగానే వస్తోంది అంకుల్" అంటాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు.

ఇక్కడ రెండు చట్టాలున్నాయి. పీహెచ్‌పీ భాష లోపల క్లాస్ పేర్లకు క్యాపిటల్, స్మాల్ తేడా లేదు. నమాజ్‌టైమ్ అని ఎలా రాసినా, ఆ క్లాస్ అప్పటికే లోడ్ అయి ఉంటే గుర్తుపడుతుంది. కానీ క్లాస్ ఉండేది ఫైల్‌లో. ఫైల్‌ను వెతికిపెట్టేది పీహెచ్‌పీ కాదు, ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్, మాక్ మామూలుగా ఫైల్ పేర్లలో క్యాపిటల్, స్మాల్ తేడా పట్టించుకోవు. లినక్స్ పట్టించుకుంటుంది. మన హోస్టింగ్ సర్వర్లలో ఎక్కువ భాగం లినక్స్. ఇంట్లో ఒక చట్టం, సర్వర్ మీద ఇంకో చట్టం అన్నమాట.

ఇప్పటి ప్రాజెక్టుల్లో ప్రతి ఫైల్‌నూ చేత్తో కలపరు. ఆటోలోడ్ అనే ఏర్పాటు ఉంటుంది. పీహెచ్‌పీకి తెలియని క్లాస్ పేరు తగిలితే ఆ పేరును మీరు రాసింది రాసినట్టు ఆటోలోడర్ చేతికిస్తుంది. ఆటోలోడర్ ఆ పేరు నుంచే ఫోల్డర్ దారి, ఫైల్ పేరు తయారుచేసి వెతుకుతుంది. పేరులో ఒక్క అక్షరం క్యాపిటల్ బదులు స్మాల్ పడితే లినక్స్ మీద ఆ దారి ఎక్కడికీ పోదు.

ఒక పేజీలో వస్తుంది, ఇంకో పేజీలో రాదు

అన్నిటికంటే బుర్ర తినే రకం ఇది. ఫైల్ పేరు సరిగ్గా ఉంది, లోపల క్లాస్ పేరు సరిగ్గా ఉంది. కానీ ఆ క్లాస్‌ను వాడుకునే ఒకచోట మాత్రం అన్నీ స్మాల్ అక్షరాల్లో రాశారు. హోమ్ పేజీలో దీనికంటే ముందే ఇంకో లైను సరైన పేరుతో క్లాస్‌ను లోడ్ చేసేసింది. కాబట్టి తప్పుగా రాసిన చోట కూడా పీహెచ్‌పీ సర్దుకుపోతుంది. జుమా వేళల పేజీలో మాత్రం మొదట తగిలేదే తప్పు పేరు. ఆటోలోడర్ దానితో వెతుకుతుంది, దొరకదు, పేజీ పడిపోతుంది. ఒకే క్లాస్, ఒకే సర్వర్, రెండు పేజీల్లో రెండు ఫలితాలు. చూసేవాళ్లకు సర్వరే పాడైందనిపిస్తుంది. హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేసి తిట్టే ముందు ఎర్రర్‌లో చూపించిన పేరును అక్షరం అక్షరం చదవండి. అక్కడ కనిపించేది మీరు ఆ లైనులో రాసిన పేరే, ఫైల్‌లో ఉన్న అసలు పేరు కాదు. ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే చాలాసార్లు జవాబు అక్కడే దొరికిపోతుంది.

ఇలాంటిదే ఇంకొకటి. ఒక వస్తువు ఏ క్లాస్‌దో తెలుసుకోవడానికి పేరు తీసి, దాన్ని మామూలు మాటలా పోల్చి చూసే అలవాటు కొందరికి ఉంటుంది. పీహెచ్‌పీ ఇచ్చేది క్లాస్ రాసినప్పుడు పెట్టిన అసలు పేరు. మీరు పోల్చే మాటలో ఒక అక్షరం స్మాల్ అయితే రెండూ వేరని తేలుతుంది, ఎర్రర్ కూడా రాదు. ఆ పనికి ఇన్‌స్టాన్స్‌ఆఫ్ అనే ఆపరేటర్ ఉంది, దాన్నే వాడాలి. క్లాస్ పేరును ఎక్కడైనా మాటగా ఇవ్వాల్సి వస్తే కొటేషన్లలో చేత్తో కొట్టకుండా, పేరు పక్కన రెండు కోలన్లు పెట్టి క్లాస్ అని రాసే పద్ధతి పట్టుకోండి. ఇది పీహెచ్‌పీ 5.5 నుంచీ ఉంది. పేరు మార్చినప్పుడు ఎడిటర్ వాటినీ పట్టుకుని మార్చగలుగుతుంది. ఒక్క జాగ్రత్త. ఆ పద్ధతి అలాంటి క్లాస్ నిజంగా ఉందో లేదో చూడదు, మీరు రాసిన పేరునే తిరిగిస్తుంది.

ముందే పట్టుకునే మార్గాలు

పీహెచ్‌పీ ప్రపంచంలో ఈ గొడవకు ఒక ఒప్పందం కుదిరింది. దాని పేరు పీఎస్ఆర్-4. 2013 డిసెంబరులో ఆమోదించారు. దాని ప్రకారం ఫైల్ పేరు, లోపలి క్లాస్ పేరు క్యాపిటల్, స్మాల్ సహా ఒకటే ఉండాలి. నేమ్‌స్పేస్ పేర్లు, ఫోల్డర్ పేర్లు కూడా అంతే. భాష వదిలేసినా ఒప్పందం వదిలిపెట్టదు. ఒక ఫైల్‌కు ఒక క్లాస్ అన్న అలవాటు చేసుకుంటే సగం పని అయిపోయినట్టే.

చెక్ చేయడానికి కంపోజర్ చాలు. డంప్-ఆటోలోడ్ కమాండ్‌ను ఆప్టిమైజ్ ఆప్షన్‌తో నడిపితే, ఫైల్ పేరుకూ క్లాస్ పేరుకూ పొంతన లేని వాటిని పేరు పేరునా చూపించి, ఇవి పీఎస్ఆర్-4 ప్రకారం లేవు, వదిలేస్తున్నాను అని హెచ్చరిస్తుంది. 2020లో వచ్చిన కంపోజర్ 2 నుంచి నిజంగానే వదిలేస్తుంది. మంచి సంగతేమిటంటే ఇది విండోస్ మీద కూడా అక్షరాల తేడా పట్టుకుంటుంది. ఆ హెచ్చరికలు పసుపు రంగులో వస్తాయి కాబట్టి మన పిల్లలు చూడకుండా దాటేస్తారు. కొత్త వెర్షన్లలో స్ట్రిక్ట్-పీఎస్ఆర్ అని ఇంకో ఆప్షన్ ఉంది. తేడా ఉంటే కమాండ్‌నే ఫెయిల్ చేస్తుంది. అలా ఫెయిల్ అవడమే మనకు మంచిది.

కంపోజర్ చూసేది క్లాస్ రాసిన చోటు మాత్రమే. వాడిన చోట తప్పు పడితే దానికి కనిపించదు. దానికి పీహెచ్‌పీస్టాన్ అనే ఉచిత పరికరం ఉంది. కోడ్‌ను నడపకుండానే చదివి, ఫలానా లైనులో క్లాస్ పేరు తప్పు అక్షరాలతో రాశారని చెబుతుంది.

ఇంకా నమ్మకమైన దారి, ఇంట్లోనే లినక్స్ మీద నడిపి చూడటం. విండోస్‌లో డబ్ల్యుఎస్ఎల్ వేసుకుంటే సరిపోతుంది. కాకపోతే ప్రాజెక్టును సి డ్రైవ్‌లోనే ఉంచి అక్కడి నుంచి నడిపితే ఈ తేడా బయటపడదు, ఎందుకంటే ఆ ఫోల్డర్ ఇంకా విండోస్ చట్టం కిందే ఉంటుంది. డబ్ల్యుఎస్ఎల్ లోపలి హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి.

సరిచేసినా సరికాని ఫైల్

తప్పు దొరికింది, ఫైల్ పేరులో ఎన్, టి క్యాపిటల్ చేశారు, గిట్‌లో కమిట్ చేసి పంపారు. సర్వర్ మీద అదే ఎర్రర్! ఇక్కడ చాలామంది తల పట్టుకుంటారు. విండోస్, మాక్ మీద గిట్ తన సెట్టింగుల్లో ఇగ్నోర్‌కేస్ అనేదాన్ని ఆన్ చేసి పెట్టుకుంటుంది. క్యాపిటల్, స్మాల్ మాత్రమే మారితే దానికి మార్పు జరిగినట్టే అనిపించదు. మీ ఫోల్డర్‌లో కొత్త పేరు, గిట్ రికార్డులో పాత పేరు. సర్వర్‌కు వెళ్లేది రికార్డులోని పేరు.

దీనికి పేరును గిట్ చేతే మార్పించాలి, అదీ రెండు మెట్లలో. గిట్ ఎంవీ కమాండ్‌తో మొదట ఫైల్‌కు పూర్తిగా వేరే తాత్కాలిక పేరు పెట్టండి. మళ్లీ అదే కమాండ్‌తో తాత్కాలిక పేరు నుంచి సరైన పేరుకు మార్చండి. అప్పుడు కమిట్ చేస్తే మార్పు రికార్డులోకి ఎక్కుతుంది. ఫోల్డర్ పేర్లకు కూడా ఇదే పద్ధతి. ఇగ్నోర్‌కేస్ సెట్టింగ్‌ను ఆఫ్ చేస్తే సరి అని చెప్పేవాళ్లున్నారు. విండోస్ మీద అలా చేస్తే ఒకే ఫైల్ రెండు పేర్లతో రికార్డులో చేరే కొత్త తలనొప్పి వస్తుంది, దాని జోలికి పోవద్దు. ఎఫ్‌టీపీతో చేత్తో అప్‌లోడ్ చేసేవాళ్లు ఒకసారి సర్వర్‌లోకి వెళ్లి పాత పేరు ఫైల్ మిగిలిపోయిందేమో చూసుకుని తీసేయాలి. లినక్స్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు.

నమాజా, సలాహా, ప్రేయరా?

ఇంతవరకు చెప్పింది ఒకే పేరులో అక్షరాల సైజు తేడా. మన వాళ్ల ప్రాజెక్టుల్లో దీనికంటే లోతైన తేడా ఒకటి ఉంటుంది. ఒకడు నమాజ్‌టైమ్ అంటాడు, ఇంకొకడు సలాహ్‌టైమ్ అంటాడు, మూడోవాడు ఇంగ్లిష్ మీడియం కాబట్టి ప్రేయర్‌టైమ్ అంటాడు. జకాత్‌ను చివర టి తో ఒకరు, టిహెచ్ తో ఒకరు. రంజాన్ ఒకచోట జెడ్ తో, ఇంకోచోట అరబీ ఉచ్చారణ ప్రకారం డి తో. ఇంట్లో ఎవరూ తప్పు కాదు. కోడ్‌లో మాత్రం ఒకే సంగతికి మూడు క్లాసులు తయారవుతాయి. ఒకదానిలో అస్ర్ వేళ సరిచేస్తే మిగతా రెండింటిలో పాతదే ఉండిపోతుంది. సైట్ పడిపోదు, తప్పు వేళ చూపిస్తుంది. నన్నడిగితే పడిపోవడమే నయం. పడిపోతే కనీసం ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

పని మొదలుపెట్టే రోజే అలాంటి మాటలన్నిటికీ ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఖరారు చేసి ఒక చిన్న ఫైల్‌లో రాసుకోండి. ఏది మంచి స్పెల్లింగ్ అన్న బహస్ అక్కర్లేదు, ఏదో ఒకటి ఖాయం కావాలి అంతే. పేజీ మీద జనానికి కనిపించే మాట వేరుగా ఉండొచ్చు, దానికి క్లాస్ పేరుతో పనిలేదు.

ఇప్పటికే కలగాపులగం అయిపోతే? ఒక పేరును నిలబెట్టి మిగతావాటిని దానిలో కలపాలి. ఒకేరోజు అన్నిచోట్లా మార్చలేకపోతే క్లాస్_ఎలియాస్ అనే ఫంక్షన్ ఉంది, పీహెచ్‌పీ 5.3 నుంచి. పాత పేరుతో పిలిచినా కొత్త క్లాసే పలికేలా చేస్తుంది. పెద్ద పెద్ద లైబ్రరీలు ఇలాగే చేశాయి. టెస్టులు రాయడానికి వాడే పీహెచ్‌పీయూనిట్‌లో క్లాస్ పేర్లు ఒకప్పుడు అండర్‌స్కోర్లతో పొడుగ్గా ఉండేవి. 2017లో వచ్చిన ఆరో వెర్షన్‌లో అవి నేమ్‌స్పేస్ పద్ధతికి మారాయి. టెంప్లేట్లు రాసే ట్విగ్ కూడా అండర్‌స్కోర్ పేర్ల నుంచి మారేటప్పుడు పాత పేర్లను ఎలియాస్‌గా కొన్నాళ్లు నడిపించింది. పాత పుస్తకంలోనో వీడియోలోనో చూసి రాసిన కోడ్ ఇప్పుడు క్లాస్ దొరకలేదంటే ముందు ఈ అనుమానమే రావాలి.

ఎలియాస్‌తో మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఆ లైను ఉన్న ఫైల్ లోడ్ అయ్యేదాకా పాత పేరు పనిచేయదు. కాబట్టి పాత పేరుతోనే ఒక ఫైల్ ఉంచి, అందులో ఎలియాస్ లైను పెడితే ఆటోలోడర్ దాన్ని కూడా వెతికి తెస్తుంది. రెండోది, వస్తువును నీ క్లాస్ పేరేమిటని అడిగితే అది కొత్త పేరే చెబుతుంది, పాత పేరు కాదు. మూడోది, క్యాపిటల్, స్మాల్ తేడా ఒక్కటే ఉన్న పేరుకు ఎలియాస్ పెట్టలేరు. పీహెచ్‌పీకి అవి ఒకే పేరు కదా, ఆ పేరు ఇప్పటికే వాడుకలో ఉందంటుంది.

డేటాబేస్‌లో దాక్కున్న పాత పేరు

కోడ్ అంతా మార్చాక కూడా పాత పేరు బతికుండే చోటు ఒకటి ఉంది. సీరియలైజ్ చేసి డేటాబేస్‌లోనో సెషన్‌లోనో దాచిన సమాచారం. అందులో క్లాస్ పేరు, దాని ముందు ఆ పేరు పొడవు రాసి ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో నమాజ్‌టైమ్ అంటే 9 అక్షరాలు, ప్రేయర్‌టైమ్ అంటే 10. డేటాబేస్‌లో పాత పేరు తీసి కొత్త పేరు పెట్టే ఫైండ్-రీప్లేస్ చేస్తే పొడవు 9 అనే ఉంటుంది, పేరు 10 ఉంటుంది. ఇక ఆ సమాచారాన్ని పీహెచ్‌పీ తెరవలేదు. కమిటీకి చందా ఇచ్చినవాళ్ల లిస్టు అలా దాచి ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఏ మార్పుకైనా ముందు బ్యాకప్ తీసుకోవాలి.

పేరు మార్చి డేటాను అలాగే వదిలేస్తే ఇంకో రకంగా బయటపడుతుంది. క్లాస్ దొరకక పీహెచ్‌పీ ఆ సమాచారాన్ని అసంపూర్తి క్లాస్ అనే ఒక ఖాళీ అచ్చులో పోస్తుంది. ఎలియాస్ ముందే లోడ్ అయి ఉంటే పాత డేటా కూడా కొత్త క్లాస్‌గానే తెరుచుకుంటుంది. అలా ఒక్కొక్కటిగా తెరిచి మళ్లీ సేవ్ చేసే చిన్న స్క్రిప్టు నడిపాకే ఎలియాస్ తీసేయాలి. లారావెల్ వాడేవాళ్లు పాలీమార్ఫిక్ రిలేషన్లలో క్లాస్ పూర్తి పేరు టేబుల్‌లోకి వెళ్తుందని గుర్తుపెట్టుకుని, మొదటే మార్ఫ్‌మ్యాప్ పెట్టుకుంటే మంచిది.

పాత కోడ్‌ను ముట్టుకునేవాళ్లకు ఇంకొక హెచ్చరిక. క్లాస్ పేరే పెట్టిన ఫంక్షన్ ఉంటే, ఒకప్పుడు అది క్లాస్ తయారవగానే తనంతట తాను నడిచేది. 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8 నుంచి అది మామూలు ఫంక్షన్ అయిపోయింది. ఎర్రర్ రాదు, నడవదు. రెండు అండర్‌స్కోర్లతో మొదలయ్యే కన్‌స్ట్రక్ట్ అనే పేరుకు మార్చాలి. స్ట్రింగ్, ఇంట్ వంటి పేర్లను పీహెచ్‌పీ 7 తనకే ఉంచుకుంది, మ్యాచ్‌ను పీహెచ్‌పీ 8 తీసుకుంది. క్రికెట్ స్కోర్ల సైట్‌లో మ్యాచ్ అనే క్లాస్ ఉంటే దానికి వేరే పేరు వెతకాల్సిందే.

తెలుగు, ఉర్దూ పేర్లు పెట్టవచ్చా

పీహెచ్‌పీ ఒప్పుకుంటుంది. తెలుగులోనూ ఉర్దూలోనూ క్యాపిటల్, స్మాల్ అనే మాటే లేదు కాబట్టి గొడవ తప్పుతుందని అనిపిస్తుంది కూడా. కానీ ఉర్దూ కీబోర్డులోని కాఫ్, యే అక్షరాలు, అరబీ కీబోర్డులోని కాఫ్, యా అక్షరాలు మాట మధ్యలో కంటికి ఒకేలా కనిపించినా కంప్యూటర్ లోపల వేర్వేరు నంబర్లు. తెలుగులో పొల్లు తర్వాత అక్షరాలు కలవకుండా పెట్టే గుర్తు అసలు కంటికే కనిపించదు. అది ఒక పేరులో ఉండి ఇంకో పేరులో లేకపోతే ఎంతసేపు చూసినా తేడా దొరకదు. కామెంట్లు తెలుగులో రాసుకోండి, పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచండి.

ఇంగ్లిష్ అక్షరాలు కూడా అన్ని దేశాల్లో ఒకేలా నడవవు. టర్కీ భాషలో చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ రెండు వేర్వేరు అక్షరాలు. క్యాపిటల్ ఐ కి అక్కడ స్మాల్ అంటే చుక్క లేనిది. సర్వర్‌ను టర్కీ సెట్టింగ్‌లో పెడితే ఇమామ్, ఇఫ్తార్ లాంటి క్యాపిటల్ ఐ ఉన్న క్లాస్ పేర్లు పీహెచ్‌పీకి దొరక్కుండా పోయేవి. టర్కీ ప్రోగ్రామర్లు ఏళ్లకేళ్లు మొత్తుకున్నాక 2013లో పీహెచ్‌పీ 5.5లో ఇది సరి అయింది. అప్పటి నుంచి క్లాస్ పేర్లు పోల్చేటప్పుడు దేశం సెట్టింగ్ చూడదు, మామూలు ఇంగ్లిష్ అక్షరాల లెక్కే చూస్తుంది.

జావా చదివే పిల్లలకు ఇందులో చాలా బాధలు ఉండవు. అక్కడ పబ్లిక్ క్లాస్ పేరు, ఫైల్ పేరు అక్షరంతో సహా ఒకటి కాకపోతే కంపైలరే ఒప్పుకోదు. విండోస్ మీద కూడా అంతే. కాలేజీలో జావా నేర్చుకుని బయట పీహెచ్‌పీ పని పట్టుకున్నవాళ్లు, జావా ల్యాబ్‌లో విసుక్కుంటూ పాటించిన ఆ పద్ధతినే ఇక్కడ కూడా పాటిస్తే పైన చెప్పినవాటిలో చాలా భాగం వాళ్ల దాకా రాదు.